గడ్డకట్టిన తేనె కల్తీదేనా? మన చుట్టుపక్కల తీసిన తేనెను ఎలా నమ్మాలి?

మీరు అడిగినవి మూడు విషయాలు. బకెట్‌తో వీధిలోకి వచ్చిన మనిషి "ఇప్పుడే చెట్టు మీంచి దించాను" అంటే కిలో తేనె కొన్నారు. రెండు నెలలకే అది సీసా అడుగున పంచదారలా పేరుకుంది, ఇంట్లో అందరూ కల్తీ అంటున్నారు. రెండోది, షాపు సీసా కంటే మన చుట్టుపక్కల తీసిన తేనె నిజంగా మేలా, మేలైతే అసలుదని ఎలా తెలుస్తుంది అని. మూడోది, పెరట్లో కరివేపాకు చెట్టుకు అరచేయంత తేనెపట్టు పట్టింది, పిల్లలున్న ఇల్లు కదా మందు కొట్టించెయ్యమని పక్కవాళ్ళు అంటున్నారు, ఏం చెయ్యాలి అని. నేను నర్సీపట్నం వైపు తేనెటీగలు పెంచుతాను, తేనె అమ్ముతాను. అమ్మేవాడి మాట అని తెలిసే చదవండి. నా దగ్గర కొనమని చెప్పడం లేదు, మీ ఊరి దగ్గర తీసేవాళ్ళను వెతుక్కోమని చెబుతున్నాను.

ముందు మూడోదానికి చెబుతాను, అది ఆగే పని కాదు కాబట్టి. మందు కొట్టించకండి. కొమ్మ చుట్టూ ఒకే ఒక్క పట్టు, అరచేయంత, ఈగలు సన్నగా, పొట్ట మొదట్లో ఎర్రగా, ఆ వెనక నలుపు మీద తెల్ల చారలతో ఉంటే అవి జుంటీగలు. మన దగ్గర కుట్టే తేనెటీగల్లో ఇంత చిన్నవి, ఇంత నెమ్మదైనవి వేరే లేవు. కొమ్మ ఊపనంతవరకు, పట్టు కదపనంతవరకు మీ జోలికి రావు. కాస్త ఎండ పడ్డాక నాలుగడుగుల దూరంలో నిలబడి ఒకసారి చూడండి. కొమ్మ పట్టులోకి వెళ్ళే చోట అటూ ఇటూ గోధుమరంగు జిగురు పట్టీ కనిపిస్తుంది. చెట్ల నుంచి బంక తెచ్చి ఈగలే దాన్ని పూస్తాయి, చీమలు అది దాటి రాలేవు. పట్టు పైభాగం కొమ్మ చుట్టూ ఉబ్బి ఉంటుంది, తేనె అంతా అక్కడే దాస్తాయి. కింద వేలాడేదంతా పిల్లలు పెరిగే గదులు. ఈగలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఆ గదులను ఎండ నుంచి, చలి నుంచి కప్పి ఉంచుతాయి. మీకు బయటికి కనిపించేది పట్టు కాదు, ఆ ఈగలే.

ఆ పట్టులో తేనె మహా అయితే పావుకిలో, అరకిలో ఉంటుంది. దానికోసం తీయించడం దండగ. చుట్టుపక్కల పూలు తగ్గితే కొన్ని నెలల్లో వాటంతట అవే లేచిపోతాయి. అప్పటిదాకా పిల్లలు అటు బంతి వేసి ఆడకుండా చిన్న తాడు కట్టండి, ఆ కొమ్మ కరివేపాకు కొయ్యకండి. ఇంట్లో ఎవరికైనా ఈగ కుడితే ఒళ్ళంతా దద్దుర్లు రావడం, ఊపిరి ఆడకపోవడం లాంటి ఎలర్జీ ఉంటే మాత్రం లెక్క వేరు. అప్పుడు కూడా మందు అవసరం లేదు. ఈగలు పెంచేవాళ్ళను పిలిస్తే చీకటి పడ్డాక కొమ్మతో సహా కోసి వేరే చోట కట్టి వస్తారు. దగ్గర్లో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే అలాంటివాళ్ళ నంబరు దొరకవచ్చు.

అదే పెద్ద అపార్ట్‌మెంటు సన్‌షేడ్‌కో నీళ్ళ ట్యాంకుకో మూడడుగుల పట్టు వేలాడుతుంటే నేను ఇంత ధైర్యంగా చెప్పను. అవి కొండ తేనెటీగలు. వాటికి కోపం వస్తే వందలుగా వెంటపడతాయి, మనిషి ప్రాణానికే ముప్పు. తెలియనివాళ్ళు కాగడా పెట్టి, పొగ పెట్టి చేసిన పనుల వల్లే చాలా ప్రమాదాలు జరుగుతాయి. వాటినీ కదపకుండా ఉంటే సీజన్ అయ్యాక వెళ్ళిపోతాయి. తప్పదు అనుకుంటే పని తెలిసినవాళ్ళనే పిలవాలి, అదీ రాత్రిపూట, కింద మనుషులు లేకుండా చూసుకుని.

ఈగల సంగతి ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. తేనె గురించి ఎవరిని ఏం అడగాలన్నా ముందు అది ఏ ఈగ తేనె అన్నది తెలియాలి. కొండ తేనెటీగను పెట్టెలో పెంచలేం. ఎత్తైన చెట్లకు, కొండ చరియలకు ఒకే పెద్ద పట్టు పెడుతుంది, ఏటా చాలాసార్లు అదే చెట్టుకు తిరిగి వస్తుంది. అడవి తేనె అని మనం కొనేదాంట్లో ఎక్కువ భాగం దీనిదే. పుట్ట తేనెటీగ చీకట్లో ఉంటుంది. పాత చెట్ల తొర్రల్లో, పుట్టల్లో, గోడ సందుల్లో వరసగా ఏడెనిమిది పట్లు పెడుతుంది. నేను పెట్టెల్లో పెంచేది దీన్నే. జుంటీగ మీ కరివేపాకు చెట్టు మీదుంది. ఇవి కాక నల్లగా దోమంత ఉండే కుట్టని ఈగలు గోడ రంధ్రాల్లో చిన్న చిన్న మైనపు కుండల్లో పుల్లటి తేనె దాస్తాయి. ఏడాదికి కొద్ది వందల గ్రాములే వస్తుంది. ఆఖరిది ఇటాలియన్ ఈగ, 1960ల్లో మన దేశంలో నిలదొక్కుకుంది. పెద్ద ఎత్తున తేనె వ్యాపారం దీనిమీదే నడుస్తుంది. మంచి యాజమాన్యం ఉంటే పెట్టెకు ఏడాదికి 25 నుంచి 40 కిలోల దాకా ఇస్తుంది, అందుకే పెట్టెలను రాత్రిపూట లారీల్లో వేసుకుని పూలు ఉన్న చోటికి తిప్పుతుంటారు. పుట్ట తేనెటీగ పెట్టెకు 5 నుంచి 8 కిలోలు వస్తే మంచి ఏడాది అనుకోవాలి.

మరి తక్కువ ఇచ్చే ఈగను ఎందుకు పెంచుతావు అని నన్ను చాలామంది అడుగుతారు. ఇది ఈ నేలది. ఒంటికి పట్టే వర్రోవా పేలను ఒకదానికొకటి దులుపుకుంటుంది, ఇటాలియన్ ఈగకు వాటికోసం మందులు వాడాల్సి వస్తుంది. పెద్ద కందిరీగ గూటి మీదికి వస్తే పుట్ట తేనెటీగలు వందలుగా దాన్ని చుట్టుముట్టి ఉండలా కమ్ముకుంటాయి. రెక్కల కండరాలు ఆడించి ఆ ఉండ లోపల దాదాపు 46 డిగ్రీల వేడి పుట్టిస్తాయి. కందిరీగ ఆ వేడికి చచ్చిపోతుంది, ఈగలు తట్టుకుంటాయి. అలాగని వీటికి ఏ తెగులూ రాదని కాదు. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాది అంతా పాకి పుట్ట తేనెటీగల కుటుంబాలను ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టింది. ఆ తర్వాత కొందరు ఇటాలియన్ ఈగకు మారారు, కొందరు పెట్టెలే మానేశారు. అడవిలో మిగిలిన కుటుంబాల నుంచే ఇవి మళ్ళీ పెరిగాయి. తొర్రలున్న పాత చింతచెట్టును, మర్రిచెట్టును కొట్టనివ్వకపోవడం ఎంత మేలో ఇది చూస్తే అర్థమవుతుంది.

ఇప్పుడు మీ సీసా దగ్గరికి వద్దాం. గడ్డకట్టడం కల్తీకి గుర్తు కాదు. తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే, అందులో ముఖ్యమైనవి రెండు, ఫ్రక్టోజు, గ్లూకోజు. గ్లూకోజు పాళ్ళు ఎక్కువున్న తేనె త్వరగా పేరుకుంటుంది. పొద్దుతిరుగుడు తేనె, ఆవపూల తేనె వారాల్లోనే వెన్నలా గట్టిపడతాయి. నేరేడు తేనె, అడవి తేనె నెలల తరబడి కారుతూనే ఉండొచ్చు. చలికాలంలో గడ్డకట్టడం ఇంకా ఎక్కువ. సీసాను గోరువెచ్చని నీళ్ళలో, చెయ్యి పెట్టుకోగలిగేంత వేడిలో, గంటో రెండు గంటలో ఉంచితే మళ్ళీ కరుగుతుంది. పొయ్యి మీద మాత్రం పెట్టకండి, వాసన పోతుంది, రంగు ముదురుతుంది. అసలు కరిగించకుండా రొట్టె మీద రాసుకుని తింటే ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం.

గడ్డకట్టలేదు కాబట్టి మంచిదనీ అనుకోకండి. ఫ్యాక్టరీల్లో తేనెను వేడిచేసి, సన్నగా వడగట్టి, గడ్డకట్టడానికి మూలమైన సన్న రవ్వను తీసేస్తారు. షెల్ఫ్ మీద ఏడాదైనా అది అద్దంలా ఉండడానికి అదొక కారణం.

నీళ్ళలో వేస్తే కరగకుండా అడుగుకు దిగాలి, వత్తి ముంచి వెలిగిస్తే మండాలి, బొటనవేలి గోరు మీద చుక్క నిలబడాలి, కుక్క ముట్టకూడదు. ఈ పరీక్షలన్నీ దయచేసి మర్చిపోండి. వీటిలో చాలావరకు చిక్కదనాన్ని చూసే పరీక్షలే. బియ్యం నుంచి, మొక్కజొన్న నుంచి తీసే చక్కెర పాకాలు తేనె కంటే చిక్కగా తయారు చేయొచ్చు, అవి నీళ్ళలో బ్రహ్మాండంగా అడుగుకు దిగుతాయి. మన పుట్ట తేనె పలచగా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువున్న మా వైపు తేనెలో నీటి శాతం 20 దాటడం మామూలే. అది నీళ్ళలో వెయ్యగానే కరగడం మొదలవుతుంది. అంటే ఆ పరీక్షలో నిజం తేనె ఓడిపోయి దొంగ తేనె గెలుస్తుంది. అమ్మేటప్పుడు ఎంతమంది గ్లాసు నీళ్ళు తెచ్చి నా ముందే చుక్క వేసి, మొహం చిట్లించి వెళ్ళిపోయారో! వాళ్ళంతా చదువుకున్నవాళ్ళే.

ల్యాబులకే ఇది తేలిగ్గా దొరకదు. చెరకు, మొక్కజొన్న పాకాలను పట్టే పరీక్షలు ఎప్పటినుంచో ఉన్నాయి, బియ్యం పాకం వాటికి చిక్కదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయించింది. మన దేశంలో మామూలుగా చేసే పరీక్షల్లో చాలావరకు పాసయ్యాయి. ఎన్‌ఎంఆర్ అనే ఖరీదైన పరీక్షకు జర్మనీ పంపితే అన్నీ పాసైనవి మూడే బ్రాండ్లు. ఆ బ్రాండ్లవాళ్ళు కాదన్నారు, పెద్ద గొడవ అయ్యింది. ఎవరిది ఎంత నిజమన్న చర్చలోకి నేను పోను. సీసా మీద స్టిక్కరు చూసో, గ్లాసులో చుక్క చూసో మనం తేల్చుకోలేం అన్నది మాత్రం అక్కడ స్పష్టంగా తెలిసింది.

మీరు కొన్న బకెట్ తేనె సంగతి చెప్పాలంటే, నాకు అనుమానమే. గడ్డకట్టిందని కాదు, అమ్మిన పద్ధతిని బట్టి. బకెట్లో పైన ఎండిన పట్టు ముక్కలు, నాలుగు చచ్చిన ఈగలు తేలుతుంటాయి, కింద బెల్లం పాకమో పంచదార పాకమో ఉంటుంది. ఊరి బస్టాండుల దగ్గర ఇది పాత మోసం. ఆ పట్టును ఒకసారి పైకి తీసి చూపించమనాల్సింది. నిజంగా తేనె ఉన్న పట్టు బరువుగా ఉంటుంది, గదుల మీద పల్చటి మైనం మూత ఉంటుంది, ఆ మూత గోటితో గీకితే లోపల నుంచి తేనె ఊరుతుంది. మోసం చేసేవాళ్ళ దగ్గర ఉండేది పిల్లలు పెరిగి వెళ్ళిపోయిన ఖాళీ పట్టు, నల్లగా, తేలిగ్గా, పాకంలో నానబెట్టింది. పేరుకున్న రవ్వను కొంచెం నాలుక మీద వేసుకుని చూడండి. తేనె రవ్వ సాధారణంగా మెత్తగా కరిగిపోతుంది, పంచదార పాకం రవ్వ గరగరలాడుతూ పంటికి తగులుతుంది. ఇది కూడా పక్కా రుజువు కాదు, అనుమానాన్ని బలపరుస్తుందంతే.

మరి ఎలా నమ్మాలి? తీసినవాళ్ళను అడగండి. నిజంగా తీసే మనిషికి ఈ ప్రశ్నలు ఇష్టం, ఒకటి అడిగితే పది చెబుతాడు. ఏ ఈగ తేనె ఇది? ఏ నెలలో తీశావు? అప్పుడు మీ చుట్టూ ఏం పూసి ఉంది? పట్టు పిండి తీశావా, మెషీన్‌లో తిప్పి తీశావా? వానాకాలంలో ఈగలకు ఏం పెట్టావు?

ఆఖరి ప్రశ్నకు "పంచదార నీళ్ళు పెట్టాను" అంటే కంగారు పడకండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చాలా చోట్ల పూలు సరిపోవు, వానకు ఈగ బయటికి పోలేదు. అప్పుడు పెట్టకపోతే కుటుంబం చచ్చిపోతుంది, లేదంటే పెట్టె వదిలి పారిపోతుంది. బలహీనపడ్డ పట్లలో మైనపు పురుగు చేరి వారంలో గూళ్ళు అల్లేస్తుంది. పూలు లేనప్పుడు పెట్టడం బతికించుకోవడం. పూలు పూసే కాలంలో, తేనె తీయబోయే పై అరలో పట్లు ఉన్నప్పుడు పెడితే అది కల్తీ. "పూత మొదలయ్యే ముందు ఆపేస్తాను" అని తడుముకోకుండా చెప్పేవాడి దగ్గర కొనండి. "మా ఈగలకు ఎప్పుడూ ఏమీ పెట్టం" అనేవాడు నిజంగా అదృష్టవంతుడైనా అయ్యుండాలి, లేదా ఈగలు లేనివాడైనా అయ్యుండాలి.

పిండడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, నాకు దీనిమీద గట్టి పట్టింపు ఉంది. పట్టు మొత్తం కోసి గుడ్డలో వేసి పిండితే తేనెతో పాటు గుడ్లు, పిల్లపురుగులు, పుప్పొడి అన్నీ నలిగి కలుస్తాయి. ఆ తేనె మబ్బుగా ఉంటుంది, త్వరగా పులుస్తుంది, ఒక తరం ఈగలు పోతాయి. పెట్టెలో అయితే కింది అర పిల్లలకు, పై అర తేనెకు. పై అర నుంచి ఫ్రేము పైకి తీసి చూస్తే ముప్పావు వంతుకు పైగా గదులు తెల్లటి మైనంతో మూసి ఉండాలి. మకరందం పువ్వులో ఉన్నప్పుడు నీళ్ళలాగే ఉంటుంది. ఈగలు నోటితో మార్చి మార్చి ఆరబెట్టి, రెక్కలతో విసిరి, నీరు తగినంత పోయిందని తేలాకే మూత వేస్తాయి. ఆ మూత కంటే పెద్ద ల్యాబు లేదు. వేడి నీళ్ళలో ముంచిన పలచటి కత్తితో మూతలు గీసి, డ్రమ్ములాంటి మెషీన్‌లో నిలబెట్టి చేత్తో తిప్పితే తేనె విసిరి కొట్టినట్టు గోడకు తగిలి కిందికి జారుతుంది. ఖాళీ పట్టు చెక్కుచెదరకుండా మళ్ళీ పెట్టెలోకి వెళ్తుంది, ఈగలకు మైనం కట్టే శ్రమ తప్పుతుంది.

అడవిలో కూడా ఇదే తేడా. నల్లమల చెంచులు కొండ చరియల మీద తాళ్ళతో దిగి తేనె తీస్తారు. పైన తాడు పట్టుకునేది భార్య తమ్ముడో అన్నో అయి ఉండాలని వాళ్ళలో ఒక ఆచారం చెబుతారు, అక్కచెల్లెలి కాపురం కోసమైనా ఆ తాడు వదలడని. పని తెలిసినవాళ్ళు తేనె ఉన్న పైమూలను మాత్రమే కోసి, పిల్లల భాగాన్ని వదిలేస్తారు, పచ్చి ఆకుల పొగతో ఈగలను పక్కకు జరుపుతారు. కాగడాతో కాల్చి పట్టంతా దించితే ఆ కుటుంబం అక్కడితో సరి. 1956 నుంచి విశాఖ కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ ఇలాంటి అడవి తేనెను గిరిజనుల దగ్గర కొని, శుద్ధి చేసి అమ్ముతుంది. తీసేవాళ్ళెవరూ తెలియని పట్నంలో ఉంటే నేను ముందు అటు చూడమనే చెబుతాను, అడవి బిడ్డలకు నాలుగు డబ్బులు చేరతాయి.

స్థానిక తేనె మేలా అంటే, నా మటుకు మేలే, అయితే మీరు విన్న కారణాలకు కాదు. పుట్ట తేనెటీగ ఎక్కువగా కిలోమీటరు, కిలోమీటరున్నర లోపే తిరుగుతుంది. పూలు దొరికిన దిక్కు, దూరం గూటికి వచ్చి ఒళ్ళు ఊపుతూ నాట్యం చేసి మిగతావాటికి చెబుతుంది. ఆ నాట్యాన్ని చదివిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ ఇచ్చారు. కాబట్టి ఒక పెట్టె తేనె అంటే ఆ పెట్టె చుట్టూ ఆ నెలలో పూసిన చెట్లే. మా దగ్గర ఉగాది ముందువెనకల వేప, నేరేడు, తర్వాత కానుగ. వేప కలిసిన తేనె ఆఖర్న నాలుక మీద సన్నటి చేదు వదులుతుంది, నేరేడు తేనె ముదురు రంగులో కాస్త వగరుగా ఉంటుంది. అరకు వైపు వలిసెలు అనే నూనెగింజల పంట పూలు శీతాకాలం మొదట్లో కొండలన్నీ పసుపు చేసేస్తాయి, ఆ తేనె బంగారు రంగు. కొబ్బరి తోటల్లో ఏడాది పొడుగునా ఏదో ఒక పూత ఉంటుంది కాబట్టి అక్కడి పెట్టెలు వానాకాలాన్ని కూడా కాస్త ఓర్చుకుంటాయి. వంద ఊళ్ళ తేనె ఒక ట్యాంకులో కలిపితే ఈ తేడాలన్నీ పోయి ఒకే తీపి మిగులుతుంది. బంగినపల్లి, రసాలు కలిపి జ్యూసు చేసి ఇది మామిడి అన్నట్టు ఉంటుంది. రెండు పూతల తేనెలు పక్కపక్కన పెట్టుకుని ఒక్కసారి రుచి చూడండి, మళ్ళీ మామూలు సీసా తేనెను అలా చూడలేరు.

ఆరోగ్యం సంగతి నిజాయితీగా చెప్పుకుందాం. ఊరి తేనె తింటే పుప్పొడి ఎలర్జీ పోతుందన్నది నిరూపణ అయిన విషయం కాదు. మనల్ని తుమ్మించేది ఎక్కువగా గాలికి ఎగిరే గడ్డి పుప్పొడి, ఈగలు తెచ్చేది పువ్వుల పుప్పొడి. షుగరు ఉన్నవాళ్ళకు తేనె కూడా చక్కెరే, డాక్టరును అడగకుండా వద్దు. ఇంకొకటి, ఇది పెద్దవాళ్ళతో వాదన పెట్టుకునైనా పాటించాల్సింది. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది. ఏడాది నిండని పిల్లలకు ఒక్క చుక్క కూడా వద్దు. ఎంత స్వచ్ఛమైన తేనెలోనైనా బొటులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవుల బీజాలు ఉండొచ్చు. పెద్దల పేగుల్లో అవి ఏమీ చెయ్యలేవు, పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం తయారు చేస్తాయి.

ఇక ధర. ఒక కూలి ఈగ పూల కాలంలో ఆరు వారాలు బతికితే గొప్ప. ఆ జీవితమంతా తిరిగి తెచ్చేది చెంచాలో పన్నెండో వంతు తేనె అని లెక్క కట్టారు. పెట్టెకు ఐదారు కిలోలు, దానికోసం ఏడాదంతా చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు, వానాకాలం మేత, పారిపోయిన కుటుంబాలను మళ్ళీ పట్టి తెచ్చుకోవడం. ఇదంతా కలిపి చూస్తే చవక ధరకు అసలైన పుట్ట తేనె ఎలా ఇస్తారో నాకైతే అర్థం కాదు. ధర ఎక్కువ పెట్టినంత మాత్రాన అది అసలుదైపోదు, కానీ మరీ తక్కువైతే అడిగి తెలుసుకోండి.

పైగా తేనె ఈగ ఇచ్చేవాటిలో చిన్నది. పొద్దుతిరుగుడు వేసే రైతులకు వ్యవసాయ అధికారులు ఒక సలహా ఇస్తారు. పూత సమయంలో పొద్దున చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని ప్రతి పువ్వునూ మెల్లగా రుద్దమని, లేకపోతే మధ్యలో తాలు గింజలు ఎక్కువవుతాయని. ఎకరం చేను అలా రుద్దాలంటే ఎన్ని కూలీలు కావాలో ఆలోచించండి. గట్టు మీద రెండు పెట్టెలుంటే ఆ పని ఈగలు చేస్తాయి. వలిసెలకైతే తన పుప్పొడి తనకు పనికిరాదు, ఈగ వేరే మొక్క నుంచి తేవాల్సిందే. బీర, సొర, దోస పిందె పడాలన్నా మగపువ్వు నుంచి ఆడపువ్వుకు ఎవరో మోయాలి. మీ పెరట్లో సొరపాదు ఉంటే ఆ జుంటీగలు ఉన్నన్నాళ్ళూ పిందెలు ఎలా నిలుస్తాయో గమనించండి.

అందుకే మీకు పొలం ఉన్నా, పొలం ఉన్న బంధువులున్నా ఒక మాట చేరవెయ్యండి. మామిడి పూతలో తేనెమంచు పురుగుకని పట్టపగలు ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు కొడితే ఆ రోజు పూల మీదున్న ఈగలు చాలావరకు చచ్చిపోతాయి. తప్పనిసరైతే పూత విచ్చకముందే కొట్టుకోవాలి, పూతలోనే తప్పకపోతే సాయంత్రం ఈగలు గూటికి చేరాక కొట్టాలి. పక్క తోటలో పెట్టెలుంటే ముందురోజు చెప్పండి, ఆ రాత్రికి మూత బిగించుకుంటాం.

కొనడానికి మంచి కాలం ఎండాకాలం మొదటి భాగం, వేప నేరేడు పూత తేనె తీసిన వెంటనే. ముందు పావుకిలో కొనండి, నచ్చితే ఎక్కువ తీసుకోండి. గాజు సీసాలో, గాలి చొరకుండా బిగించి, తడి చెంచా పెట్టకుండా వాడండి. తీసిన తేనె పలచగా ఉంటే ఆరు నెలల్లో వాడెయ్యడం మంచిది. పైన నురగ పట్టి, మూత తీయగానే బుస్సుమని పుల్లటి వాసన వస్తే పులిసిందని అర్థం, అది కల్తీ కాదు, నీరు ఎక్కువైందంతే. సీసా మీద తీసినవాళ్ళ పేరు, ఊరు, నెల, ఏ పూత అన్నది రాసి పెట్టుకోండి. వచ్చే ఏడు అదే మనిషి దగ్గర అదే నెలలో అడగొచ్చు.